చైనా సంప్రదాయ వైద్య పరిశోధనల సమాచారాన్ని సెమాంటిక్ వెబ్ ఎలా కలుపుతుంది?

ఒకే మూలిక ఒక డేటాబేసులో చైనా పేరుతో, మరోదానిలో శాస్త్రీయ నామంతో ఉంటుంది. అందుకే, యంత్రాలకు అర్థమయ్యేలా సమాచారాన్ని కలిపే పద్ధతి అయిన సెమాంటిక్ వెబ్‌లో ప్రతి మొక్కకూ, రసాయనానికీ, వ్యాధికీ యూఆర్ఐ అనే ప్రత్యేక గుర్తింపు ఇచ్చి, వాటి సంబంధాలను సమాచారం రాసే ప్రామాణిక పద్ధతి అయిన ఆర్‌డీఎఫ్‌లో చిన్న వాక్యాలుగా రాస్తారు: ఆర్టెమీసియా ఆన్యువా అనే మొక్కలో ఆర్టెమిసినిన్ అనే రసాయనం ఉంది, ఆర్టెమిసినిన్ మలేరియాకు మందు. అప్పుడు స్పార్కల్ అనే ప్రశ్నల భాషలో రాసిన ఒక్క ప్రశ్నతో అన్నిచోట్లా వెతకవచ్చు.

పేర్లను సరిపోల్చడమే ప్రమాదకరమైన పని. 'ఫాంగ్ జీ' అనే చైనా పేరును రెండు వేర్వేరు మొక్కలకు, అంటే స్టెఫానియా టెట్రాండ్రాకూ, అరిస్టొలోకియా ఫాంగ్‌చీకీ వాడేవారు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందుల్లో మొదటిదాని బదులు రెండోది చేరి, ఎందరికో మూత్రపిండాలు పాడైపోయాయి. పేరు కలిసిందని రెండు రికార్డులను యంత్రానికే వదిలి కలిపేయడం నాకు సమ్మతం కాదు. ఔషధ మొక్కలు తెలిసిన నిపుణులు వాటిని చూసి తీరాలి.