‘లిమ్’: గీయడమా, వ్రాయడమా?

సందేహం: పాత ఆంగ్ల కవితలను తెలుగు చేస్తున్నప్పుడు ఎల్, ఐ, ఎమ్, ఎన్ అనే నాలుగక్షరాల క్రియ ఒకటి తరచు ఎదురవుతున్నది. నిఘంటువు ‘చిత్రించు, వర్ణించు’ అని రెండర్థాలు ఇచ్చి, వాడుక తప్పిన మాట అని గుర్తు పెట్టింది. ఇది గీత అనే అర్థమున్న ‘లైన్’ నుంచి పుట్టిందనీ, కాబట్టి ‘గీయు’ అనడమే సరైనదనీ ఒక మిత్రుడు అంటున్నారు. నేను ఒకచోట ‘చిత్తరువు వ్రాసెను’ అని వాడితే, బొమ్మను గీస్తారు గాని రాస్తారా అని ఆక్షేపించారు. ఏది సరి? ఆ మాటను తెలుగులో ఎలా పలకాలి?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన వ్యుత్పత్తి సరికాదు. పోలికను బట్టి అలా తోచడం సహజమే గాని, ‘లిమ్’ అని పలికే ఈ మాటకు గీతతో ఏ సంబంధమూ లేదు. దీని పుట్టుక వెలుగులో ఉంది. లాటిన్‌లో ‘లూమెన్’ అంటే వెలుగు. దాని నుంచి వచ్చిన ‘ఇల్లూమినారే’ అంటే వెలిగించడం, శోభ కూర్చడం. అది ఫ్రెంచిలో ‘ఎన్‌లూమినేర్’ అయి, అక్కడి నుంచి మధ్యయుగపు ఆంగ్లంలోకి ‘ఎన్‌లుమినెన్’గా చేరింది. మొదటి అక్షరాలు రాలిపోయి ‘లుమినెన్’ అయింది. ఉకారం ఇకారంగా మారి 15వ శతాబ్దిలో ‘లిమ్‌నెన్’ అనే రూపం కనిపిస్తుంది. ఈ లాటిన్ మాటకు మూలమైన ధాతువే సంస్కృతంలో ‘రుచ్’గా ఉన్నదని భాషాశాస్త్రం చెబుతుంది. అంటే మన కావ్యాలలో కాంతి అనే అర్థంలో వచ్చే ‘రుచి’, ‘రోచిస్సు’ అనే మాటలు దీనికి దూరపు బంధువులన్నమాట. గీత అనే అర్థమున్న లాటిన్ ‘లీనేయా’ నుంచి పుట్టినది ‘డెలినియేట్’ అనే వేరొక మాట. మీ మిత్రుడు సూచించిన ‘గీయు’ దానికి చక్కగా సరిపోతుంది.

వెలిగించడం చిత్రించడంగా ఎలా మారిందో తెలియాలంటే అచ్చుయంత్రం రాకముందు యూరప్‌లో పుస్తకం తయారైన పద్ధతిని చూడాలి. దూడ చర్మాన్ని శుభ్రపరచి, సాగదీసి, నునుపు చేసిన పలుచని చర్మపత్రం మీద లేఖకుడు మొదట పాఠమంతా రాసేవాడు. ప్రకరణం మొదలయ్యేచోట పెద్ద అక్షరానికీ, అంచుల్లో లతలకూ ఖాళీ వదిలేవాడు. తరువాత ఆ పుటలు మరొకరి చేతికి వెళ్లేవి. ఆయన ఆ ఖాళీలలో బంగారు రేకు అతికి, మెరుగు పెట్టి, నీలాలూ ఎరుపులూ నింపేవాడు. పుట తిప్పినప్పుడల్లా బంగారం మీద వెలుగు పడి అక్షరం తళుక్కుమంటుంది. ఆ పని వెలిగించడమయింది, చేసేవాడు ‘లిమ్నర్’ అయినాడు. కాబట్టి ఈ క్రియకు మొదటి అర్థం బొమ్మ వేయడం కాదు, వ్రాతప్రతిలోని అక్షరాలకు రంగూ బంగారమూ అద్ది శోభ కలిగించడం. ఇదే కార్ఖానాలో పుట్టిన మరొక మాట ‘మినియేచర్’. చిన్నది అనే అర్థం దానికి మొదట లేదు. లాటిన్‌లో ‘మినియం’ అంటే సీసం నుంచి చేసే ఎర్రని సిందూరం. దానితో ఎర్రక్షరాలు దిద్దే పని నుంచి ఆ మాట వచ్చింది. చిన్నదనే అర్థమున్న లాటిన్ మాటలతో పోలిక ఉండడం వల్లా, పుస్తకాలలోని బొమ్మలు చిన్నవి కావడం వల్లా తరువాతి వారు దానికి ఇప్పటి అర్థాన్ని అంటగట్టారు.

విలియం కాక్స్‌టన్ 1476లో లండన్ పక్కనున్న వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పాడు. అచ్చుపుస్తకం పెరిగిన కొద్దీ వ్రాతప్రతులకు రంగులద్దే పని తగ్గుతూ వచ్చింది. ఆ పనితనం మాత్రం నశించలేదు, మరో వస్తువును వెతుక్కున్నది. గ్రంథాలంకరణలో పేరుమోసిన, నేటి బెల్జియంలోని ఫ్లెమిష్ నగరాల నుంచి కళాకారులు ఇంగ్లండు రాజాస్థానానికి వచ్చారు. 1520ల్లో ఘెంట్ నుంచి లూకాస్ హోరెన్‌బౌట్, 1540ల్లో బ్రూజ్ నుంచి లెవీనా టేర్లింక్ అలా వచ్చినవారే. టేర్లింక్ తండ్రి సైమన్ బెనింగ్ గ్రంథచిత్రకారులలో ప్రసిద్ధుడు. వీరు ఆ చర్మపత్రం మీదే, ఆ జిగురు కలిపిన నీటిరంగులతోనే, అరచేతిలో పట్టే మనిషి ముఖాలను వేయడం మొదలుపెట్టారు. పుస్తకపు అంచులో ఉండవలసిన బొమ్మ పుస్తకం నుంచి విడివడి, చిన్న బరిణెలో అమరి, మెడలో పతకమయింది. పనిముట్లూ పద్ధతులూ మారలేదు కాబట్టి పేరూ మారలేదు. 16వ శతాబ్ది చివరికి ‘లిమ్నింగ్’ అంటే ప్రధానంగా ఈ సూక్ష్మరూపచిత్రణమే.

ఈ విద్యలో మేటి నికొలస్ హిలియార్డ్. ఎక్సెటర్ పట్టణంలో కంసాలి ఇంట పుట్టి, తానూ ఆ వృత్తే నేర్చి, మొదటి ఎలిజబెత్ రాణికీ ఆమె తరువాత జేమ్స్ రాజుకూ సూక్ష్మచిత్రాలు వేసినవాడు. ఆయన 1572లో వేసిన రాణి చిత్రం ఎత్తు సుమారు 5 సెంటీమీటర్లు. 1600 ప్రాంతంలో ఆయన ‘లిమ్నింగ్’ కళ మీద ఒక గ్రంథం రాశాడు. అది 1912 వరకు అచ్చుకు నోచుకోలేదు. మన మాట ఆనాడు ఏ పనిని సూచించేదో తెలుసుకోవడానికి దానిని మించిన సాక్ష్యం లేదు. చర్మపత్రాన్ని పేకముక్కకు అతికించి బిగువు తెచ్చేవారు. కుంచెకు ఉడుత వెంట్రుకలు, రంగుకు తుమ్మజాతి బంక వాడేవారు. పూసిన వెండికి మెరుగు పెట్టడానికి ముంగిసను పోలిన చిన్న అడవి జంతువు పన్ను మంచిదని హిలియార్డ్ చెబుతాడు. పని చేసేవాడు పట్టుబట్టలు కట్టుకోవాలని, తల నుంచి చుండ్రు రాలకుండా చూసుకోవాలని, నోటి తుంపర పడుతుంది గనుక పని మీదికి వంగి మాట్లాడకూడదని కూడా అంటాడు. నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది ఆయన కెంపు వేసే పద్ధతి. మెరుగుపెట్టిన వెండి చుక్క మీద రంగు కలిపిన గుగ్గిలాన్ని వేడిచేసిన సూదితో నిలిపేవాడు. లోపలి వెండి మీద వెలుగు తగిలి, ఎరుపు లోంచి పైకి వచ్చేది. పుట మీద బంగారాన్ని వెలిగించినవారి విద్య రెండు వందల ఏళ్ల తరువాత కూడా ఈ చిన్న చుక్కలో ఉన్నదన్నమాట. ఇది తెలిసిన తరువాత ఆ మాటను గీతతో ముడిపెట్టడానికి మనసొప్పదు. 

ఆ కాలంలోనే అర్థం మరి రెండు దిక్కులకు వ్యాపించింది. ఒకటి, ఎంత పెద్దదైనా ఎటువంటి చిత్రమైనా వేయడం. రెండవది, మాటలతో రూపు కట్టించడం. అమెరికాలోని ఇంగ్లీషు వలసలలో ఊరూరా తిరిగి ముఖచిత్రాలు వేసేవారిని ‘లిమ్నర్లు’ అన్నారు. వారిలో చాలామంది పేర్లు దక్కలేదు. 1670ల్లో బోస్టన్‌లో ఫ్రీక్ దంపతుల చిత్రాలు వేసిన అజ్ఞాత కళాకారుణ్ణి ఈనాటికీ ‘ఫ్రీక్ లిమ్నర్’ అనే పిలుస్తారు. స్కాట్లండులో రాజకుటుంబపు చిత్రకారుడి బిరుదులో కూడా ఈ మాట 18వ శతాబ్ది ఆరంభం నుంచి నిలిచి ఉంది.

అందువల్ల ‘వాడుక తప్పినది’ అనే గుర్తును కొంచెం సవరించుకోవాలి. నిజంగా చచ్చిపోయిన మాట ‘డిపెయింట్’. లాటిన్ ‘పింగెరే’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి, చాసర్, స్పెన్సర్ వంటి కవులకు ఉపయోగపడి, అదే మూలం నుంచి నేరుగా లాటిన్ రూపంతో వచ్చిన ‘డిపిక్ట్’ స్థిరపడగానే తొలగిపోయింది. ‘లిమ్’ అట్లా పోలేదు. వాడుకభాష నుంచి పోయి గ్రంథభాషలో ఉండిపోయింది. 1993లో నోబెల్ ఉపన్యాసంలో అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ భాషకున్న జీవశక్తిని గురించి చెబుతూ, దానిని మాట్లాడేవారి, చదివేవారి, రాసేవారి జీవితాలకు రూపు కట్టించగలగడంలోనే ఆ శక్తి ఉన్నదన్నచోట ఈ క్రియనే వాడింది. 2010లో బాల్టిమోర్‌లోని ఒక దినపత్రిక మొదటి పుట శీర్షికలో దీనిని వాడితే మాత్రం, అర్థం కాలేదని పాఠకులు అభ్యంతరం చెప్పారు. ఉపన్యాసంలో శోభించినది శీర్షికలో అడ్డుపడడం గ్రాంథిక పదాల స్వభావమే.

ఇక మీ ‘చిత్తరువు వ్రాసెను’ సంగతి. అందులో తప్పేమీ లేదు. అది ప్రాచీనమూ శిష్టమూ అయిన ప్రయోగం. ‘వ్రాయు’ అనే క్రియకు సోదర రూపాలు తమిళంలో ‘వరై’, కన్నడంలో ‘బరె’. మూడు భాషలలోనూ అక్షరం రాయడం, బొమ్మ వేయడం ఈ ఒక్క క్రియకే చెందాయి. తమిళంలో నేటికీ బొమ్మ వేయడానికి ‘వరై’ అనడమే అలవాటు. సంస్కృతంలో ‘లిఖ్’ ధాతువు కూడా అంతే. ఉష కలలో చూసిన ప్రియుణ్ణి గుర్తించడానికి దేవతల, గంధర్వుల, రాజుల రూపాలను ఒక్కొక్కటిగా వేసి చూపిన చెలికత్తె పేరు చిత్రలేఖ; మనం చిత్రలేఖనం అనే మాటను ఏ సంకోచమూ లేకుండా వాడుకుంటున్నాము. ‘లేఖనం’ ఒప్పయినప్పుడు ‘వ్రాయడం’ తప్పెట్లా అవుతుంది? అంతదూరం పోనక్కరలేదు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో బట్ట మీద దేవతామూర్తులను వేసే కలంకారీకి తెలుగు పేరు ‘వ్రాతపని’. మీ మిత్రుడికి ఈ ఒక్క మాట చెబితే చాలును.

‘వర్ణించు’ అన్నది ఇంకా దగ్గరి జోడు. వర్ణమంటే రంగు, వర్ణమంటే అక్షరం కూడా. వర్ణించడం అంటే రంగు పూయడం, చిత్రించడం, మాటలతో చెప్పడం. చర్మపత్రం మీద అక్షరానికి రంగులద్దినవారి పని నుంచి మాటలతో రూపు కట్టే కవి పని దాకా ఆంగ్లపదం నడిచిన దారిని మన ‘వర్ణ’ శబ్దం తనంతట తానే నడిచింది. ఒకదాని నుంచి మరొకటి పుట్టలేదు. అయినా రెండు భాషలలో ఇంత దగ్గరగా సాగిన అర్థపరిణామం అరుదు.

అనువాదంలో ఒకే మాటను పట్టుకు కూర్చోకుండా ఆ పద్యం ఏ కాలానిదో, దేనిని గురించినదో చూసి ఎంచుకోవడం మేలు. వ్రాతప్రతుల ప్రసంగమైతే ‘రంగులద్దు’, ‘పసిడి పూయు’; ముఖచిత్రమైతే ‘వ్రాయు’; మాటలతో చేసే పనైతే ‘వర్ణించు’, ‘రూపుకట్టించు’, ‘కళ్లకు కట్టించు’. ఒక ఉదాహరణ చెబుతాను. షేక్‌స్పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’ నాటకం రెండవ అంకంలో, వెళ్లగొట్టబడిన ప్రభువు అడవిలో ఆర్లాండోను చూసి, తన మిత్రుడైన అతని తండ్రి పోలికను ఆ ముఖంలో గుర్తుపడతాడు. అక్కడ వచ్చేది మన క్రియే. ‘మీ తండ్రి రూపం నీ ముఖమందు యథార్థముగా చిత్రించబడియున్నది’ అంటే వ్యాకరణం నిలుస్తుంది గాని తెలుగు నిలవదు. ‘మీ నాన్న రూపే నీ మొగంలో వ్రాసినట్టుంది, ప్రాణంతో ఉంది’ అంటే ప్రభువు కంఠం వినిపిస్తుంది.

‘యాంటనీ అండ్ క్లియోపాట్రా’ నాలుగవ అంకంలో షేక్‌స్పియర్ ఈ క్రియకు వ్యతిరేకోపసర్గ చేర్చి ‘డిస్‌లిమ్’ అని కొత్త మాటను కల్పించాడు. ఓడిపోయిన యాంటనీ ఆకాశంలోని మబ్బులను గురించి చెబుతున్నాడు: ఇప్పుడు గుర్రంలా కనబడిన మబ్బు తలచుకునేంతలో, నీళ్లలో నీళ్లలాగా ఆనవాలు లేకుండా పోతుంది. ఇక్కడ ‘చిత్రించు’ను పట్టుకున్న అనువాదకుడికి దారి లేదు, ‘వ్రాయు’ను పట్టుకున్నవాడికి ‘చెరుగు’ సిద్ధంగా ఉంది. ‘మబ్బు వ్రాసిన గుర్రం చెరిగిపోతుంది’ అనవచ్చు. ‘కరిగిపోతుంది’, ‘విడిపోతుంది’ అని ఊరుకుంటే మబ్బు మాత్రమే మిగిలి, బొమ్మ అనే ఊహ జారిపోతుంది.

ఉచ్చారణ విషయం. మూలరూపంలో చివరి నకారం పలకదు. ఆంగ్లంలో శరదృతువు పేరైన ‘ఆటమ్’లో, దేవుని మీది పాట అనే అర్థమున్న ‘హిమ్’లో లాగానే ఇది ‘లిమ్’. వెనుక అచ్చు చేరినప్పుడు నకారం బయటికి వస్తుంది గనుక చిత్రకారుణ్ణి ‘లిమ్నర్’ అనాలి. కళ పేరును ‘లిమింగ్’ అని పలికేవారూ ‘లిమ్నింగ్’ అని పలికేవారూ ఉన్నారు. తెలుగులో రాసేటప్పుడు క్రియను ‘లిమ్’ అని, కళను ‘లిమ్నింగ్’ అని రాస్తే రెండింటి చుట్టరికం పాఠకుడికి తెలుస్తుంది.