ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అని చెప్పి వణికే స్టీరింగ్ పంపారు: డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. కంప్యూటర్‌లో కార్ల రేసు ఆటలు ఆడే మా అబ్బాయి కోసం దసరా ఆఫర్లలో ఆన్‌లైన్‌లో రూ.8,900 పెట్టి స్టీరింగ్ వీల్ తెప్పించాను. ప్రకటనలో 'ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, 900 డిగ్రీలు' అని ఉంది, అంటే ఆటను బట్టి చక్రం చేతికి ఎదురు తిరగాలి, ఒక కొస నుంచి మరో కొసకు రెండున్నర చుట్లు తిరగాలి. వచ్చినది వణుకుతుందే తప్ప చేతికి ఎదురు తిరగదు. ఒక్కో వైపు అరచుట్టు కూడా తిరగకుండానే ఆగిపోతుంది. పదో రోజున అడిగితే వాపసు గడువు ఏడు రోజులేననీ, పెట్టె తెరిచి వాడేశారనీ, ఈ ధరకు ఇంతేననీ అన్నారు. అమ్మకందారు ఢిల్లీలో ఉన్నాడు. నేను ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన వీడియో, బిల్లు, ప్రకటన ఫొటో చూశాను. మీకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేసే హక్కు స్పష్టంగా ఉంది. అయితే ఫిర్యాదు ఏ మాట మీద నిలబడాలో ముందే తేల్చుకోవాలి. 'వస్తువు నాసిగా ఉంది' అని రాస్తే మీ కేసు బలహీనపడుతుంది, 'చెప్పిన వస్తువు ఇది కాదు' అని రాస్తే బలపడుతుంది.

ఎందుకంటే తక్కువ ధర లోపం కాదు. థ్రస్ట్‌మాస్టర్ టీ80 అనే వీల్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ లేదు; అది సాగే తాడు బలంతో నడిమికి తిరిగి వస్తుంది, మొత్తం 240 డిగ్రీలే తిరుగుతుంది. ఆ సంగతి తెలిసి కొన్నవారు తరువాత ఫిర్యాదు చేయలేరు. అదే సంస్థ టీ150లో మోటారు, బెల్టు ఉండి 1080 డిగ్రీల వరకు తిరుగుతుంది. లాజిటెక్ జీ29లో గేర్లతో నడిచే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్, 900 డిగ్రీలు ఉంటాయి. ఆటలో కారు మట్టిలోకి జారినప్పుడు ఇటువంటి వీల్ చేతిలో తనంతట తాను మెలి తిరుగుతుంది, ఆటగాడు బలం పెట్టి దాన్ని పట్టుకోవలసి వస్తుంది. వణికే మోటారు మాత్రమే ఉన్న వీల్, సైలెంట్‌లో పెట్టిన సెల్‌ఫోన్ బల్ల మీద గుర్రుమన్నట్టు అదురుతుంది, అంతే. ఈ రెండూ ఒకే గుణానికి ఎక్కువ తక్కువలు కావు, వేర్వేరు యంత్రాలు. అమ్మకందారు 'ఈ ధరకు ఇంతే' అనడం మీ ఆరోపణకు జవాబు కాదని వినియోగదారుల కమిషన్‌కు అర్థమయ్యేలా చెప్పవలసింది ఈ తేడానే.

సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఉన్న జీ29, టీ150 వంటి వాటికి యూఎస్‌బీ కాక వేరే కరెంటు కనెక్షన్ ఉంటుంది, తగిలించగానే అవి ఎవరూ ముట్టుకోకుండానే అటూ ఇటూ తిరిగి తమ నడిమిని సరిచూసుకుంటాయి. మీ వీడియోలో యూఎస్‌బీ తీగ ఒక్కటే కనిపిస్తోంది, తగిలించిన తరువాత చక్రం కదలలేదు. అన్నిటికన్నా విలువైనది పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం: అందులో 'వైబ్రేషన్', '270 డిగ్రీలు' అని వారే అచ్చు వేశారని మీరు రాశారు. ఆ పేజీ, ప్రకటన పేజీ పక్కపక్కన పెడితే చట్టంలోని సెక్షన్ 2(28) చెప్పే తప్పుదోవ పట్టించే ప్రకటన అనడానికి ఇంకే పరీక్షా అక్కరలేదు. పరీక్ష లేకుండా తేలని లోపమైతేనే వస్తువును ప్రయోగశాలకు పంపుతారు, ఆ ఫీజు ముందుగా మీరే కట్టవలసి వస్తుంది. మీకు ఆ అవసరం లేదు, కాబట్టి లోపల ఏముందో చూద్దామని మాత్రం స్క్రూలు విప్పకండి, వస్తువును చెడగొట్టారన్న మాటకు అవకాశం ఇచ్చినట్టవుతుంది. ప్రకటన పేజీని తేదీ కనిపించేలా ఈ రోజే భద్రపరచండి, దాన్ని వారు ఎప్పుడైనా మార్చేయవచ్చు. ఆ ఫొటోలతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వవలసిన ధ్రువపత్రం జతచేస్తే తరువాత అభ్యంతరం రాదు.

ఏడు రోజుల గడువు సంగతికి వస్తే, మనసు మారి వాపసు ఇచ్చేవారికి అది వర్తించవచ్చు. ఈ-కామర్స్ నియమాలు, 2020లోని 6వ నియమం ప్రకారం ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోననడానికీ, డబ్బు ఇవ్వననడానికీ అమ్మకందారుకు వీలులేదు. పెట్టె తెరవకుండా, తగిలించి చూడకుండా ఈ మోసం బయటపడే దారే లేదు గనుక వాడారన్న అభ్యంతరం కూడా నిలవదని నా అభిప్రాయం.

ముందుగా వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. ఆయన 48 గంటల్లో అందినట్టు చెప్పి, నెల రోజుల్లో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ నమోదు చేయించండి. అప్పటికీ కదలకపోతే అమ్మకందారునూ వెబ్‌సైట్ నడిపే సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు గనుక మీరు ఢిల్లీ వెళ్లనక్కరలేదు. రూ.5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు.

కోరవలసింది రూ.8,900, దానిపై వడ్డీ, మీకైన ఖర్చులు, సమంజసమైన పరిహారం. మీవంటి కేసుల్లో లక్షలు అడిగి అసలు న్యాయమైన కోరికను పలుచన చేసుకున్న వారిని చూశాను, అలా చేయకండి. ఒక్క విషయం మాత్రం తెలపండి: ఆ వీల్‌ను గంటకింత అని అద్దెకిచ్చే గేమ్ దుకాణంలో ఎక్కడైనా పెట్టారా? పెట్టి ఉంటే మీరు వినియోగదారుడే కాదని వారు వాదిస్తారు. ఆ దుకాణాన్ని మీరే జీవనోపాధికి నడుపుతుంటే చట్టంలో దానికీ రక్షణ ఉంది, కానీ ఆ సంగతి ఫిర్యాదులో మొదటే రాయాలి.