టెక్ సందేహాలు: సజ్జ మీది వీడియో గేమ్ దించుతున్నారా?

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వీడియో గేమ్‌ల ప్రశ్నలు పెరుగుతాయి. ఈసారి వచ్చిన వాటిలో చాలావరకు కొత్త ఆటల గురించి కావు, పాతవాటి గురించే. హన్మకొండలో గంటకు ఐదు రూపాయలిచ్చి, బెంచీ మీద వంతు కోసం కూర్చుని కాంట్రా ఆడినవాణ్ని కాబట్టి ఈ వారం చోటంతా వాటికే ఇస్తున్నాను.

జగిత్యాల నుంచి ఒక పాఠకుడు: "మా బాపు 1996ల మస్కట్ నుంచి వచ్చినప్పుడు ఒక వీడియో గేమ్ తెచ్చిండు. మొన్న సున్నాలేపిద్దామని సజ్జ మీది సామాను దించితే బయటపడ్డది. రెండు రిమోట్లు, ఒక తుపాకి, నాలుగు క్యాసెట్లు ఉన్నయి. అడాప్టర్ లేదు. ఇప్పుడున్న ఎల్‌ఈడీ టీవీకి తగిలిస్తే నడుస్తదా? తుపాకితోటి బాతుల ఆట ఆడొచ్చా? పిల్లలకు చూపెట్టాలని ఉంది."

నడిచే అవకాశం బాగానే ఉంది. తుపాకి మాత్రం ఎల్‌ఈడీ టీవీ మీద పనిచేయదు. అది ఎందుకో తర్వాత చెప్తాను. ముందు అడాప్టర్ సంగతి చూద్దాం. తొందరపడితే సెట్ కాలిపోయేది అక్కడే.

మన వైపు గల్ఫ్ పెట్టెల్లో వచ్చిన సెట్లలో నేను విప్పి చూసినవన్నీ నింటెండో వాళ్ల ఫ్యామికామ్‌కు నకళ్లే. ఫ్యామికామ్ జపాన్‌లో 1983 జులైలో వచ్చింది. అందులో లెక్కలు చేసే చిప్ వేరు, బొమ్మ గీసే చిప్ వేరు. తర్వాతి కాలపు నకళ్లలో ఆ రెండింటినీ ఒకే చిప్‌లో ఇమిడ్చి, దాని మీద తారు చుక్కలాంటి నల్లటి ముద్ద పోశారు. మీది విప్పితే ఆకుపచ్చ బోర్డు నడుమ ఆ చుక్క కనబడవచ్చు. పక్కనే చిన్న అల్యూమినియం రేకుకు బిగించి మూడు కాళ్ల భాగం ఒకటి ఉంటుంది. బయటి నుంచి వచ్చే 9 వోల్టులను 5 వోల్టులకు దించేది అదే. ఆడుతుంటే సెట్ అడుగు వేడెక్కేది దానివల్లే. దానికి భయపడనక్కర్లేదు.

భయపడాల్సింది ప్లస్, మైనస్ తారుమారు కావడానికి. సెట్ వెనకాల లేదా అడుగున అడాప్టర్ గుర్తు ఉంటుంది: నడుమ ఒక చుక్క, చుట్టూ అర్ధచంద్రం, వాటి నుంచి ప్లస్, మైనస్ గీతలు. అసలు ఫ్యామికామ్‌కు పిన్ నడుమ భాగం మైనస్. ఇప్పుడు బజారులో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి నడుమ ప్లస్. పిన్ సరిగ్గా పట్టింది కదా అని గుచ్చితే ఇన్నేళ్లు దాచుకున్న సెట్ క్షణంలో పోవచ్చు. గుర్తు చెరిగిపోయి ఉంటే పాత టీవీలు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. మల్టీమీటర్ పెట్టి నిమిషంలో చెప్తాడు. బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు ఉంటే వాటినీ మార్పించండి, చాలా తక్కువ ఖర్చు.

ఇక క్యాసెట్లు. పెట్టగానే ఆట రాకపోతే మనమంతా చేసిన పని ఒకటే, తీసి ఉఫ్ అని ఊదడం. దయచేసి ఇప్పుడు ఊదకండి. నోటి తడి రాగి మీద చేరి తుప్పు పట్టిస్తుంది. అప్పట్లో ఆట వచ్చింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడిగి తెచ్చి, చెవులు తుడిచే దూది పుల్లతో ఆ 60 పిన్నులను రెండు వైపులా తుడవండి. దూది నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా పుల్లలు మారుస్తూ తుడిచి, బాగా ఆరనిచ్చి పెట్టండి.

రిమోట్ బటన్లు గట్టిగా నొక్కితేనే పలుకుతుంటే రిమోట్ వెనక స్క్రూలు విప్పండి. లోపల మెత్తటి రబ్బరు పలక, దాని కింద నల్లటి బొట్లు, బోర్డు మీద దువ్వెన పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరిన గీతలు కనబడతాయి. నల్ల బొట్టు ఆ గీతలను కలిపితేనే మారియో ఎగురుతాడు. గీతల మీద పేరుకున్న జిడ్డును అదే ఆల్కహాల్‌తో తుడిస్తే చాలావరకు ప్రాణం వస్తుంది. రబ్బరు చిరిగితే దాన్నొక్కటే మార్చుకోవచ్చు.

టీవీకి తగిలించేటప్పుడు సెట్‌కు పసుపు, తెలుపు జాక్‌లు ఉంటే వాటినే వాడండి. కేబుల్ వైరులాంటిది ఒక్కటే ఉంటే టీవీలో అనలాగ్ ఛానళ్ల ఆటో సెర్చ్ పెట్టి చూడండి, సెట్ ఆన్‌లో ఉంచి.

తుపాకి దగ్గరికి వద్దాం. తుపాకి నుంచి టీవీకి ఏదో కిరణం పోతుందని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. నిజానికి అది ఏమీ పంపదు, చూస్తుందంతే. గొట్టంలో వెలుతురును పసిగట్టే చిన్న కన్ను ఉంటుంది. మీరు ట్రిగ్గర్ లాగగానే ఆట తెరనంతా ఒక్క ఫ్రేము పాటు, అంటే తెర మీద బొమ్మ ఒకసారి గీసేంతసేపు, నల్లగా చేస్తుంది. మరుసటి ఫ్రేములో బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి గడి గీస్తుంది. నల్ల తెరలో చీకటి, వెంటనే వెలుతురు కనబడితే గురి తగిలినట్టు. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి తెల్లబరిచి, ఏది తగిలిందో తేల్చుకుంటుంది. మొదటి ఫ్రేములోనే వెలుతురు కనబడితే మీరు గురిపెట్టింది బల్బుకని దానికి తెలిసిపోతుంది. ఇదంతా సెకనులో 60వ వంతు, 50వ వంతు లెక్కన జరిగే పని. డబ్బా టీవీలో సెట్ పంపిన బొమ్మ అప్పటికప్పుడే గీత గీతగా తెర మీద పడేది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను పట్టుకుని, సర్ది, ఆ తర్వాత చూపిస్తుంది. అప్పటికి ఆట కన్ను మూసేసి ఉంటుంది. పైగా డబ్బా టీవీ గీతల వేగంలో మినుకుమనే వెలుతురునే గుర్తుపట్టేలా ఆ తుపాకిని చేశారు.

కాబట్టి పిల్లలకు బాతుల ఆట చూపించాలంటే డబ్బా టీవీ ఒక్కటే దారి. ఇంట్లో గానీ చుట్టాల దగ్గర గానీ నడిచేది ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. దాన్ని మీరు మాత్రం విప్పకండి. పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులుంటాయి, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కొంతకాలం నిలిచి ఉంటాయి. నాలుగు క్యాసెట్లలో ఏమేం ఆటలున్నాయో మళ్లీ రాయండి, చదవాలని ఉంది.

హన్మకొండ నుంచి ఒక తల్లి: "పిల్లలు ఫోన్ వదిలి ఇద్దరూ కలిసి ఆడుకుంటారని 10,000 ఆటల గేమ్ స్టిక్ కొందామనుకుంటున్నాను. దుకాణంలో 620 ఆటల చిన్న డబ్బా కూడా చూపించారు. రెండింటిలో ఏది నయం?"

620 ఆటల డబ్బా వద్దు. నింటెండో 2016 నవంబరులో తెచ్చిన చిన్న క్లాసిక్ సెట్ రూపాన్ని పోలి ఉంటుంది గానీ, అసలుదానిలో ఉన్నవి 30 ఆటలే, అది టీవీకి తగిలేది హెచ్‌డీఎంఐ వైరుతో. 620 అని రాసి, పసుపు వైరు ఉందంటే అది వేరే సరుకు. ఒకే ఆటను మొదటి లెవెల్ నుంచి ఒకసారి, మూడో లెవెల్ నుంచి ఒకసారి చూపి అంకె పెంచడం మా చిన్నప్పటి క్యాసెట్ల మీద 99999 ఆటలని రాసిన రోజుల నుంచీ ఉన్నదే.

స్టిక్ సంగతి వేరు. అది చిన్న కంప్యూటర్, ఆటలు మెమరీ కార్డులో ఉంటాయి. నేనూ ఒకటి కొన్నాను. రెండో నెలలో మారియో నడుమ తెర నిలిచిపోయింది, ఆ తర్వాత స్టిక్ తెరుచుకోనే లేదు. పోయింది స్టిక్ కాదు, దాంతో వచ్చిన నాసిరకం కార్డు. మీరు కొంటే మొదటి రోజే కార్డు తీసి, కంప్యూటర్‌లో మొత్తం కార్డును ఒకే ఇమేజ్ ఫైలుగా దాచి, దాన్ని మంచి కార్డులోకి ఎక్కించండి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వేల ఆటల్లో చాలావాటికి హక్కుదారుల అనుమతి ఉండదు. ఇది తెలిసే కొనండి.

ఆటల అంకె కన్నా పెద్ద విషయం వేలికి, తెరకు నడుమ ఆలస్యం. వైర్‌లెస్ రిమోట్ కొంత, స్టిక్ కొంత, టీవీ కొంత తింటాయి. అన్నీ కలిస్తే మారియో గుంతలో పడ్డాక ఎగురుతాడు. పిల్లలు తమకే చేతకావట్లేదనుకుని పక్కన పెట్టేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఆట చెడ్డది కాదు, పిల్లలకు చేతకాక కాదు, నడుమ పెట్టె దొంగిలిస్తున్న క్షణం అది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి, టీవీ తినే ఆలస్యం తగ్గుతుంది. కొనేముందు దుకాణంలోనే ట్యాంకుల ఆట, అదే బ్యాటిల్ సిటీ, పెట్టించండి. 1985 నాటి ఆట, ఇద్దరు కలిసి ఆడేది, 35 లెవెళ్లు. ఇటుకల సందులో ట్యాంకును మలుపు తిప్పుతూ, మీ బొటనవేలు, తెర రెండూ కనబడేలా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. వేలు దిగిన ఎంతసేపటికి ట్యాంకు తిరిగిందో కళ్లకు కనబడుతుంది. రెండు స్టిక్‌లు అలా పోల్చి తక్కువ ఆలస్యం ఉన్నది తీసుకోండి. వైరు రిమోట్లు ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

మంచిర్యాల నుంచి: "మా తమ్ముడి 400 ఆటల చేతి గేమ్ వెనక మూత ఉబ్బి పైకి లేచింది. ఛార్జింగ్ పెడితే నడుస్తోంది. వాడుకోవచ్చా?"

వద్దు. ఈరోజే ఆపండి. ఉబ్బింది మూత కాదు, లోపలి లిథియం బ్యాటరీ. ఛార్జింగ్ పెట్టకుండా, నొక్కకుండా, గుచ్చకుండా బయటికి తీసి ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్తబుట్టలో వేయొద్దు. చాలా సెట్లకు పాత నోకియా ఫోన్లలో ఉండే రకం బ్యాటరీయే సరిపోతుంది. మంచిది కొని వేస్తే ఆట మళ్లీ నడుస్తుంది.

కాజీపేట నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి: "అన్నా, పాత ఆటలకు రాస్ప్‌బెర్రీ పై కొనాలా, ఎఫ్‌పీజీఏ బోర్డు కొనాలా? ఎఫ్‌పీజీఏ అసలు మెషిన్‌తో సమానమంటున్నారు. ఆటల ఫైళ్లు డౌన్‌లోడ్ చేస్తే తప్పా?"

తమ్ముడూ, కొత్తవాడ జంపఖానా తెలుసు కదా. ఆ డిజైన్‌ను ఫొటో తీసి బట్ట మీద అచ్చు వేయడం ఒక పద్ధతి. మగ్గాన్నే మళ్లీ అలా సర్ది, పోగు పోగుగా అదే డిజైన్ నేయడం ఇంకో పద్ధతి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో నడిచే ఎమ్యులేటర్ మొదటిది: పాత చిప్ చేసే పనిని సాఫ్ట్‌వేర్ చేసి చూపుతుంది. ఎఫ్‌పీజీఏ రెండోది: చిప్ లోపలి తీగలనే పాత చిప్‌లా కలుపుతుంది, అన్ని భాగాలూ ఒకేసారి కదులుతాయి. అందుకే ఆలస్యం తక్కువ. అయితే డిజైన్ రాసినవాళ్లు తప్పు చేస్తే మగ్గం కూడా తప్పే నేస్తుంది. పేరు చూసి సమానమనుకోవద్దు.

నీ దగ్గర లాప్‌టాప్ ఉంటే ముందు ఏదీ కొనకు. రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, అందులో రన్ అహెడ్ అనే ఏర్పాటు ఆన్ చెయ్. ఆట తనలో తాను దాచుకున్న ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యాన్ని కూడా అది తీసేస్తుంది. డబ్బు పెట్టేదుంటే మంచి వైరు కంట్రోలర్ మీద పెట్టు. ఆ తర్వాత కూడా మనసు లాగితే మిస్టర్ (MiSTer) అనే ఎఫ్‌పీజీఏ ప్రాజెక్టు చూడు. డీఈ10-నానో బోర్డు మీద మొదలైంది, డిజైన్లన్నీ ఎవరైనా చదువుకునేలా ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ చదివేవాడికి అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. 1983 నాటి మెషిన్ 2 కేబీ ర్యామ్‌తో ఎలా నెట్టుకొచ్చిందో గీత గీతా కనబడుతుంది.

ఫైళ్ల మాట. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు. ఆటకు కాపీరైట్ ఉంది, పాతబడినంత మాత్రాన పోలేదు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రాం పాడవకుండా బ్యాకప్ కాపీ తీసుకోవడానికి ఒప్పుకుంటుంది. ఇంట్లో అసలు క్యాసెట్ ఉంటే దాన్ని చదివే పరికరంతో నీ కాపీ నువ్వు తీసుకో. ఎవరో పెట్టినదాన్ని దించుకోవడం దాని కిందికి రాదు. ఔత్సాహికులు ఇప్పటికీ ఈ మెషిన్లకు కొత్త ఆటలు రాసి ఉచితంగా ఇస్తున్నారు, అవి నిశ్చింతగా ఆడుకోవచ్చు.

గోదావరిఖని నుంచి, సింగరేణి క్వార్టర్లలో పెరిగానని చెప్పిన ఒక పాఠకురాలు: "ఈమధ్య మా అబ్బాయి కంప్యూటర్‌లో మారియో పెట్టాడు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడినదాని కన్నా వేగంగా పోతోంది, పాట కూడా పరుగెడుతోంది. మా ఆయన నీకు వయసు మీద పడ్డదంటున్నారు. నిజమేనా?"

మీ జ్ఞాపకమే నిజం కావచ్చు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేవి. పాల్ అనే ప్రసార పద్ధతిలో నడిచే మన టీవీలు 50 సార్లు. ఈ ఆటల్లో నడక, దూకుడు, పాట అన్నీ ఫ్రేముల లెక్కన కదులుతాయి. మన టీవీల కోసం చేసిన నకలు సెట్లలో 60 కోసం రాసిన ఆటే 50తో నడిచేది, అంటే ఆరో వంతు నెమ్మది. అలాంటి సెట్లలో చిప్ వేగం దాదాపు అసలుదాని దగ్గరే ఉండటంతో పాట శ్రుతి పెద్దగా మారలేదు, నడక మాత్రం తగ్గింది. అందుకే అది తప్పని మనకు ఎప్పుడూ అనిపించలేదు.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మారియో మొదటి లెవెల్‌లో పైన కనబడే 400 అంకె ప్రతి 24 ఫ్రేములకు ఒకటి తగ్గుతుంది. 60 లెక్కన అది సున్నాకు రావడానికి 160 సెకన్లు, 50 లెక్కన 192 సెకన్లు. మెసెన్ లాంటి ఎమ్యులేటర్లలో రీజియన్ దగ్గర డెండీ అని ఒక ఎంపిక ఉంటుంది. రష్యాలో అమ్ముడైన నకలు సెట్ పేరది, వేగం మన సెట్లలాంటిదే. మీ అబ్బాయితో అది పెట్టించి, మారియోను కదలకుండా నిలబెట్టి, మీ ఆయన చేతికి ఫోన్ స్టాప్‌వాచ్ ఇవ్వండి.