ముందు లేచి నిలబడు

అమ్మలూ,

రుషికొండలో ఉద్యోగం వచ్చిందని, మద్దిలపాలెంలో హాస్టల్ చూసుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నీకు ఎవరి మాటా కాదనడం చేతకాదు. సంక్రాంతికి ఎవరో లోన్ ఇస్తామని ఫోన్ చేస్తే, కంచంలో అన్నం చల్లారేదాకా "అలాగేనండీ, అలాగేనండీ" అంటూ కూర్చున్నావు. అలాంటివాటికి "వద్దండీ" అని పెట్టెయ్యాలి, అంతే.

నా భయం కొత్తవాళ్లతో కాదు, తెలిసినవాళ్లతోనే. మీ నాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడితే పాత స్నేహితుడొకడు తగిలాడు. టీ ఇప్పించి, పిల్లల చదువులతో మొదలెట్టి, చిట్టీ పాడుకున్న కథలోకి దిగాడు. మీ నాన్న ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ "బస్సు వచ్చేస్తుందిరా" అన్నాడు. "తర్వాతి బస్సు నేనెక్కిస్తాగా." "ఇంట్లో ఎదురుచూస్తుంటారు." "నేను ఫోన్ చేసి చెప్తాలే." ఏ సాకు చెప్పినా వాడి దగ్గర విరుగుడుంది. చివరికి మొహమాటంతో వాడి వెంట వెళ్లి హామీ సంతకం పెట్టొచ్చాడు. వాడు వాయిదాలు ఎగ్గొట్టాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే. మీ అమ్మ గాజులు అలాగే పోయాయి. ఆ పిచ్చి తండ్రి ఇప్పటికీ ఆమె చేతుల వైపు సరిగా చూడలేడు.

అందుకే, కారణాలు చెప్పకు. ముందు లేచి నిలబడు. అవతలివాళ్లు ఊపిరి తీసుకునే చోట "ఉంటానండీ, వెళ్లొస్తాను" అని నవ్వుతూ దండం పెట్టి కదులు. ఎందుకని అడిగితే మళ్లీ అదే మాట. సంతకం, డబ్బు అన్నారంటే "ఇంట్లో అడిగి చెప్తా" అనకు, రేపు మళ్లీ వస్తారు. "నేను పెట్టనండీ" అను.

చెయ్యి పట్టుకున్నా, వెంటపడినా మర్యాద అక్కర్లేదు. బీచ్‌లో అయితే మురీ మిక్స్చర్ బళ్ల దగ్గర జనంలోకి వెళ్లి 112కి ఫోన్ చెయ్.

హాస్టల్ పక్కన ముసలావిడ ఎవరైనా కబుర్లు పెడితే మాత్రం కాసేపు కూర్చో తల్లీ. వాళ్లని పలకరించే దిక్కుండదు.

అడ్వాన్స్ ఇప్పుడే కట్టకు. హాస్టల్ నేను చూడాలి, వార్డెన్‌తో నేను మాట్లాడాలి. ఆదివారాలు భోజనం మా ఇంట్లోనే, ఎంవీపీ రైతుబజారుకి ఇద్దరం కలిసే వెళ్దాం.

మీ పెద్దత్త