సీఓపీడీ మందుల్లో ఏది ఎప్పుడు ఇవ్వాలో తేల్చుకోవడం ఎలా?

మీరు బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నానని, సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల ఊపిరితిత్తుల గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలిక జబ్బు) మీద ఒక కేస్ స్టడీ దగ్గర ఆగిపోయానని రాశారు. 62 ఏళ్ల ఆవిడ, చిన్నప్పటి నుంచి కట్టెల పొయ్యి, పైగా చుట్ట అలవాటు, పోయిన ఏడాది ఒకసారి ఆయాసంతో ఆసుపత్రిలో చేరారు, ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆగాల్సి వస్తోంది. సాల్బ్యుటమాల్, ఇప్రాట్రోపియం, టయోట్రోపియం, ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, టెన్షన్‌గా ఉంది అన్నారు. నేను ఉత్తరాంధ్రలో ఒక ఛాతీ వార్డులో స్టాఫ్ నర్సుని. మీ కేసులో ఆవిడలాంటి వాళ్లు మాకు వస్తూనే ఉంటారు, అడ్డపొగ తాగే పెద్దావిడలు, అంటే చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లోకి పెట్టుకుని పీల్చేవాళ్లు కూడా.

ముందు పేర్లు బట్టీ పట్టడం ఆపండి. ఏ మందు చూసినా ఇది ఇప్పటి ఆయాసం తగ్గించడానికా, రోజూ ఊపిరితిత్తుల గొట్టాలు తెరిచి ఉంచడానికా, లేక మళ్లీ మళ్లీ అడ్మిట్ కాకుండా ఆపడానికా అని అడగండి. సాల్బ్యుటమాల్ నిమిషాల్లో పనిచేసి నాలుగైదు గంటల్లో దిగిపోతుంది, ఇప్రాట్రోపియం పని మొదలవడానికి పావుగంట వరకు పడుతుంది, రెండూ గొట్టాలను వేర్వేరు దారుల్లో తెరుస్తాయి, అందుకే ఎమర్జెన్సీలో రెండూ కలిపి నెబులైజేషన్ పెడతారు. ఫార్మోటెరాల్ 12 గంటలు, టయోట్రోపియం 24 గంటలు, ఇవి రోజూ వాడాల్సినవి, ఆయాసం లేని రోజున కూడా. బ్యుడెసొనైడ్ స్టెరాయిడ్, అది గొట్టాలను తెరవదు, వాపు తగ్గిస్తుంది. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు, ఈ మాట పేషెంటుకి చెప్పాల్సింది మనమే.

చాలామంది తడబడేది ఆస్తమా దగ్గర. ఆస్తమాలో ఇన్‌హేల్డ్ స్టెరాయిడ్ పునాది, అది లేకుండా ఫార్మోటెరాల్ లాంటి లాబాని (ఎక్కువసేపు గొట్టాలు తెరిచి ఉంచే ఒక రకం మందుని) ఒంటరిగా ఇవ్వకూడదు. సీఓపీడీలో దాదాపు తిరగబడుతుంది: పునాది గొట్టాలు తెరిచే మందులు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఒంటరిగా ఇవ్వరు, అవసరం లేనివాళ్లకి ఇస్తే న్యుమోనియా రిస్క్ పెరుగుతుంది. ఈ ఒక్క తేడా బుర్రలోకి ఎక్కితే సగం గందరగోళం పోయినట్టే.

ఇక మీ కేసు. ముందు స్పైరోమెట్రీ (గాలి ఊదించి చూసే పరీక్ష) చూడాలి, బ్రాంకోడైలేటర్ (గొట్టాలు తెరిచే మందు) ఇచ్చాక కూడా ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), మొత్తం ఊదిన గాలి అయిన ఎఫ్‌వీసీల నిష్పత్తి 0.70 కంటే తక్కువ ఉంటేనే సీఓపీడీ అంటాం. సీఓపీడీకి ప్రపంచమంతా చూసే గోల్డ్ గైడ్‌లైన్స్ 2023లో పేషెంట్లను విడగొట్టే పాత సి, డి గ్రూపులను కలిపి ఇ అని చేశారు. మీ పుస్తకం పాతదైతే నాలుగు గ్రూపులు కనిపిస్తాయి, కంగారుపడకండి. ఆవిడ ఒక్కసారైనా ఆయాసం ముదిరి అడ్మిట్ అయ్యారు కాబట్టి ఆ లెక్కన ఇ గ్రూపు, లాబా, లామా (టయోట్రోపియం లాంటిది) రెండూ కలిపి మొదలుపెట్టాలి. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) మైక్రోలీటరుకి 300, అంతకంటే ఎక్కువ ఉంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా కలిపే ఆలోచన చేస్తారు, 100 లోపు ఉంటే దాని లాభం తక్కువ. సీబీపీలో (రక్తకణాల పరీక్షలో) శాతమే ఇస్తే మీరే లెక్క కట్టండి, తెల్ల కణాలు 8,000, ఇసినోఫిల్స్ 4 శాతం అంటే 320. స్టెరాయిడ్ మాత్రో ఇంజెక్షనో మొదలయ్యాక తీసిన రక్తంలో ఈ సంఖ్య పడిపోతుంది, తేదీ చూసుకోండి.

మందు సరిగ్గా ఎంచుకున్నా అది లోపలికి పోకపోతే ఏం లాభం? మా వార్డులో ఒకావిడ ఏడాదిలో మూడోసారి అడ్మిట్ అయ్యారు, మందులన్నీ వాడుతున్నానంటారు, సంచిలో ఖాళీ సీసాలు కూడా ఉన్నాయి. ఎలా వాడుతున్నారో ఒకసారి చూపించమ్మా అన్నాను. రోటాక్యాప్ (పరికరంలో వేసి పీల్చాల్సిన పొడి మందు క్యాప్సూల్) తీసి నాలుక మీద పెట్టుకుని, గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగేశారు. పీల్చుకునే పరికరం ఇంట్లో బీరువాలో భద్రంగా ఉందట. ఆమెది తప్పు కాదు, ఎవరూ కూర్చోపెట్టి చూపించలేదు. అప్పటి నుంచి నేను ‘వాడుతున్నారా’ అని అడగడం మానేసి ‘చూపించండి’ అంటున్నాను. పొడి మందైతే ముందు గాలి బయటికి వదిలి, గట్టిగా, వేగంగా లోపలికి లాగాలి, స్ప్రే అయితే మెల్లగా, లోతుగా. గట్టిగా లాగే బలం లేని మనిషికి పొడి మందు ఎంత ఖరీదైనదైనా వృథా, స్ప్రేకి తగిలించే గొట్టం, అంటే స్పేసర్‌తో స్ప్రే మేలు. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పాల్సింది పక్కనుండి చూసిన నర్సే.

ఆక్సిజన్ కూడా మందే, దాన్ని మర్చిపోకండి. నేను స్టూడెంటుగా నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు ఒక తాతగారికి సాచురేషన్ 86 చూపిస్తోందని భయపడి ఆక్సిజన్ ఆరు లీటర్లకి పెంచేశాను. 98 వచ్చింది, హమ్మయ్య అనుకున్నాను. తెల్లవారుజామున లేపితే కళ్లు తెరవలేకపోతున్నారు, మాట ముద్దగా వస్తోంది. సీనియర్ సిస్టర్ పరుగున వచ్చి డాక్టరుని పిలిచి, ఆక్సిజన్ కొలిచినట్టు ఇచ్చే వెంచురీ మాస్కుకి మార్చారు, ఏబీజీలో (ధమని రక్తంలో వాయువుల పరీక్షలో) కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగి ఉంది. ఆయన కోలుకున్నారు. సీఓపీడీలో సాచురేషన్ 88 నుంచి 92 మధ్య ఉంటే చాలన్న అంకె ఆ రాత్రి తర్వాత నాకు ఎవరూ గుర్తుచేయాల్సిన అవసరం రాలేదు.

ఆయాసం ముదిరి వచ్చినప్పుడు నెబులైజేషన్‌తో పాటు ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు ఐదు రోజులు, కఫం పెరిగి పచ్చగా చీములా మారితే యాంటీబయాటిక్. ఇక్కడ డెరిఫిలిన్ అనే ఆయాసం మందు మీద ఒక కన్నేసి ఉంచండి, మన దగ్గర ఇంకా బాగా వాడతారు. అందులోని థియోఫిలిన్‌కి మోతాదుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిస్తే రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది, చుట్ట మానేసినా పెరుగుతుంది. వాంతులు, గుండెదడ కనిపిస్తే తర్వాతి డోసు ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి.

మందు రాసేది డాక్టరే, కానీ ఇచ్చేది మనం కాబట్టి మీ కేస్ షీట్లో మూడు సంగతులు వెతకండి: గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉందా, మూత్రం ఆగే ఇబ్బంది ఉందా, ప్రొప్రనొలాల్ లాంటి బీపీ, గుండెదడ మాత్ర వాడుతున్నారా. మొదటి రెండింట్లో ఏది ఉన్నా ఇప్రాట్రోపియం, టయోట్రోపియంలతో జాగ్రత్త, నెబులైజర్ మాస్క్ వదులుగా ఉండి మందు కంట్లోకి పోకుండా మౌత్‌పీస్ పెట్టండి. మూడోది ఉంటే సాల్బ్యుటమాల్ సరిగ్గా పనిచేయదు, ఆ మాట వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పాలి. స్పైరోమెట్రీ, ఇసినోఫిల్స్ అంకెలు కేసులో ఇచ్చి ఉంటే ఇక్కడే కింద రాయండి, ఆవిడకి ఏ పరికరం సరిపోతుందో కూడా చూద్దాం.