అపార్ట్‌మెంట్‌లో వెండింగ్ మెషిన్ పెడితే నెలకి 30 వేలు వస్తాయా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది అనంతపురం, నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నా, సాఫ్ట్‌వేర్ జాబ్. ఒక కంపెనీ వాళ్ళు రెండున్నర లక్షలు కడితే చిప్స్, కూల్ డ్రింక్స్ వెండింగ్ మెషిన్ ఇస్తాం, 200 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ప్లేస్ కూడా మేమే ఇప్పిస్తాం, నెలకి 30 వేలు మిగలడం గ్యారంటీ అంటున్నారు. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఎఫ్‌డీలో ఉంది, అది తీసి పెట్టొచ్చా? ఈ నెలాఖరు వరకే ఆఫర్ అంట.

జవాబు: తమ్ముడూ, ముందు నాన్న ఎఫ్‌డీ జోలికి పోకు. మెషిన్ బిజినెస్ చెడ్డదని కాదు, వాళ్ళు చెప్పే 30 వేలే నాకు అస్సలు నమ్మబుద్ధి కావట్లేదు, ఎందుకో లెక్క వేసి చూపిస్తా.

ప్యాకెట్ మీద ఉన్న ఎంఆర్‌పీ కన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు, 2011 లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లోనే ఉంది, మెషిన్ అయినా అంతే. అంటే నీకు మిగిలేది డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే మార్జినే. అది 15 శాతం అనుకుందాం. రోజుకి 40 ఐటమ్స్, ఒక్కోటి సగటున 25 రూపాయలు, అంటే నెలకి 30 వేల సేల్, అందులో నీ మార్జిన్ 4,500. ఫ్రిజ్ ఉన్న మెషిన్ సగటున 250 వాట్లు లాగినా రోజుకి 6 యూనిట్లు, నెలకి 180, యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 1,440. అసోసియేషన్‌కి రెంట్ 2,000. ఇక మిగిలింది వెయ్యి చిల్లర, సరుకు నింపడానికి బండి వేసుకుని వెళ్తావు కదా, ఆ పెట్రోల్ ఇంకా తీయలేదు! ఇదే లెక్కలో నీకు 30 వేలు మిగలాలంటే రోజుకి దాదాపు 300 ఐటమ్స్ అమ్ముడుపోవాలి, మామూలు స్నాక్ మెషిన్‌లో మొత్తం పట్టేదే సుమారు అంత, అంటే రోజూ ఖాళీ అవ్వాలి, రోజూ నింపాలి. జాబ్ చేసుకుంటూ అది నీవల్ల అవుతుందా చెప్పు.

200 ఫ్లాట్లు అని వింటే పెద్ద నంబర్‌లా ఉంటుంది గానీ ఆ ఫ్లాట్లలో వాళ్ళు నీ కస్టమర్లు కాదు. వాళ్ళు ఫోన్‌లో ఆర్డర్ పెడితే కాసేపట్లో డోర్ దగ్గరికి వచ్చేస్తుంది, గేటు బయట కాండిమెంట్స్ షాపు ఎలాగూ ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఒకటి పెట్టారు, మొదట బేస్‌మెంట్ లిఫ్ట్ పక్కన, అక్కడ ఎవరు ఆగుతారు, కారు దిగి లిఫ్ట్ ఎక్కేస్తారు, చాక్లెట్లు డేట్ అయిపోయే దాకా అలాగే ఉండేవి. తర్వాత బ్యాడ్మింటన్ కోర్టు పక్కకి మార్చారు, అప్పుడు కదిలింది. ఆడి చెమటలు కారుతున్న పిల్లలు, వాళ్ళ కోసం వెయిట్ చేసే పేరెంట్స్, నైట్ డ్యూటీ సెక్యూరిటీ వాళ్ళు, వీళ్ళే కొనేది. ఎవరైనా పది నిమిషాలు నిలబడే చోటు దొరికితేనే మెషిన్, లేకపోతే వద్దు.

అందుకని ప్లేస్ ముందు, మెషిన్ తర్వాత. ఏ అపార్ట్‌మెంట్, ఏ మూల అని రాతపూర్వకంగా అడుగు. ప్రెసిడెంట్ గారు సరేనన్నారు అంటే చాలదు, కామన్ ఏరియా ఓనర్లందరిదీ, కమిటీ తీర్మానం చేసి లెటర్ ఇవ్వాలి, లేకపోతే వచ్చే ఏడాది కొత్త కమిటీ వచ్చి తీసేయమంటే ఆ మెషిన్ ఎక్కడ పెడతావు? కరెంట్‌కి సబ్ మీటర్ పెట్టించు, బిల్లు దగ్గరే గొడవలు మొదలయ్యేది. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, రిజిస్ట్రేషన్ లేకుండా తినేవి అమ్మకూడదు, అది ఎవరి పేరు మీద తీస్తారో కూడా అడుగు.

అన్నిటికన్నా ముఖ్యం, మెషిన్ మీద క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు ఎవరి అకౌంట్‌లో పడుతుంది? కంపెనీ అకౌంట్‌లో పడి, తర్వాత నీకు పంపిస్తాం అంటే వద్దనే చెప్తా. వస్తువు కింద పడిందో లేదో చూసే డ్రాప్ సెన్సర్ ఉందా, పడకపోతే రిఫండ్ దానంతట అదే వెళ్తుందా కూడా చూడు. ప్యాకెట్లని ముందుకి నెట్టే స్ప్రింగ్‌లో గ్యాప్ చిన్నదైతే పెద్ద చిప్స్ ప్యాకెట్ మధ్యలో ఇరుక్కుంటుంది, 20 రూపాయలు పోయిన పిల్లాడు మెషిన్‌ని తంతాడు, వాళ్ళమ్మ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెడుతుంది, ఇక ఎవరూ ముట్టరు.

వాళ్ళు ఇప్పటికే పెట్టిన మెషిన్లు రెండు మూడు చూపించమను. శనివారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా దూరంగా కూర్చుని ఎంతమంది కొన్నారో లెక్కపెట్టు, మామూలు మంగళవారం కూడా ఒకసారి వెళ్ళు. చూపించం అంటే అక్కడితో వదిలెయ్, ఆఫర్ పోతే పోనీ. చూపిస్తే ఆ నంబర్లు నాకు రాసి పంపు, వచ్చే సంచికలో వాటితో మళ్ళీ లెక్క వేద్దాం.