ముందు నీ బరువు సంగతి తేల్చుకో

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. పదిహేడేళ్ళకే సీనియర్ తైక్వాండో జట్టులో చోటంటే మాటలు కాదు. ఒలింపిక్స్ దాకా వెళ్ళాలంటే మొదట ఏం చేయాలని అడిగావు కదా. నీ బరువు విభాగం తేల్చుకో. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు 53 కిలోల లోపు ఆడుతున్నావు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడవాళ్ళకు 8 విభాగాలున్నాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఒలింపిక్స్‌లో ఉన్నవి నాలుగే: 49 లోపు, 57 లోపు, 67 లోపు, 67 పైన. నీ 53 అక్కడ లేనే లేదు. కిందికి దిగాలి, లేదంటే పైకి వెళ్ళాలి. చాలామంది కిందికే దిగుతారు, తమకంటే పొట్టివాళ్ళు ఎదురుపడతారని, తలకు కిక్ సులువుగా అందుతుందని. నేనూ అలాగే దిగాను. తూకం ముందు రెండు రోజులు తిండి లేదు, నీళ్ళు గుక్కెడు గుక్కెడే. తూకంలో నెగ్గాను. మర్నాడు రెండో రౌండ్‌కే కాళ్ళు లేవలేదు. ఆ తర్వాత రెండేళ్ళు నెలసరి కూడా సరిగా రాలేదు, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నువ్వు అలా దాచుకోకు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

నా మాట వింటే 57కి వెళ్ళు. నీ ఒళ్ళు ఇంకా ఎదుగుతోంది. మొదటి ఏడాది ఓటములు తప్పవు. పొడుగుకాళ్ళ వాళ్ళు ముందుకాలు ఎత్తి పెట్టి నిన్ను దగ్గరికే రానివ్వరు. ఆ కాలిని దాటి లోపలికి దూసుకెళ్ళడం నేర్చుకో. పంచ్‌కి ఒక్క పాయింటే అని వదిలేయకు, ఒంటి మీద కిక్‌కి చోటు చేసిపెట్టేది చాలాసార్లు అదే.

ఇంకో సంగతి. 2022 నుంచి మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్ళదే ఆట. మొదటి రౌండ్ ఎంత ఘోరంగా పోయినా ఆ పాయింట్లు రెండోదానికి రావు. ఆ ఒక్క నిమిషం విరామంలో పోయినదాన్ని తలుచుకోకు, ఊపిరి కుదుటపరుచుకో, కోచ్ చెప్పేది విను. ఒక రౌండ్‌లో అయిదు గామ్‌జమ్‌లు, అంటే తప్పుకు వేసే పెనాల్టీలు, పడితే రౌండే పోతుంది కాబట్టి అలసిపోయి గీత దాటకు, కింద పడకు.

థాయ్‌లాండ్ అమ్మాయి పనిపాక్‌ని చూడు. 2016 ఒలింపిక్స్‌లో కాంస్యం. టోక్యో ఫైనల్లో ఆఖరి సెకన్ల దాకా వెనకబడే ఉంది, ఒక్క కిక్‌తో 11-10గా గెలిచింది. పారిస్‌లో మళ్ళీ స్వర్ణం. అదే టోక్యోలో, అంతకుముందు రెండుసార్లు స్వర్ణం గెలిచిన బ్రిటన్ అమ్మాయి జేడ్ జోన్స్ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. టెన్షన్ వాళ్ళకీ తప్పదు.

డోపింగ్ సంగతి కూడా మరిచిపోకు. జలుబు మాత్రయినా, ప్రొటీన్ పొడి అయినా జట్టు డాక్టర్‌ని అడగకుండా నోట్లో వేసుకోకు.

ఈ మూడు నెలలూ రోజూ పొద్దున్నే బరువు చూసి రాసిపెట్టుకో. ఆ కాగితం నాకు పంపు, కోచ్‌తో ముగ్గురం కూర్చుని మాట్లాడదాం.

నీ అక్క